డామేజీ కాగితం

"డామేజీ కాగితం రాసిస్తారా, ఇవ్వరా అండీ?" అని అడిగాడు నూకరాజు.

పార్సిలాఫీసు గుమాస్తా వరప్రసాదం రిజిస్టరులోంచి తలెత్తకుండానే, మేనేజరుగారు ఊళ్లో లేరు, రేపు రమ్మన్నాడు. ఆ మాట పూర్తికాకముందే నూకరాజు చెయ్యి అతని చెంప మీద పడింది. కళ్లజోడు ఎగిరి బల్ల కిందికి పోయింది. అమలాపురం లారీ ఆఫీసు ముందు బస్తాలు దించుతున్న హమాలీలు పని ఆపి చూశారు.

నూకరాజు వెనక అతని అక్క పుష్పలత నిలబడి ఉంది. లూథియానా నుంచి ఆమె తెప్పించుకున్న కుట్టుమిషను ఫిబ్రవరిలో ఈ ఆఫీసుకు చేరింది. చెక్కపెట్టె సందుల్లోంచి చూస్తే మిషను మెడ రెండు ముక్కలై కనబడింది. సరుకు దెబ్బతిన్నదని లారీ ఆఫీసువాళ్లు రాసిస్తేగాని ఇన్సూరెన్సు డబ్బు రాదు. అది రాకపోతే మరో మిషను కొనే స్తోమత ఆమెకు లేదు. జూన్‌లో బడి తెరిచేసరికి కాన్వెంటు పిల్లలకు నూట ఇరవై జతల యూనిఫారాలు కుట్టి ఇస్తానని ఒప్పుకుంది. ఇప్పుడు మే నెల సగమైంది.

"రాసే చెయ్యి ఏదండీ మీది? కుడేనా?"

నూకరాజు ఆ చేతిని వెనక్కి మెలితిప్పి, వరప్రసాదాన్ని బల్ల మీదికి వంచాడు. సిరాబుడ్డి ఒలికి రిజిస్టరంతా నీలమైంది.

"వదలండి బాబూ, కంపెనీ రూలండి, నాదేం లేదండి," అని మూలిగాడు వరప్రసాదం.

హమాలీలిద్దరు లోపలికి రాబోయారు. గోడకు ఆనించి ఉన్న గడ్డపారను నూకరాజు అందుకునేసరికి గుమ్మంలోనే ఆగిపోయారు. అదే అదనుగా వరప్రసాదం తప్పించుకుని తలుపు వైపు పరుగెత్తాడు. నూకరాజు అక్క వైపు చూశాడు. ఆమె వద్దనలేదు. అతను పెట్టె మీది చెక్కనొకదాన్ని ఊడబెరికి గుమాస్తా మూతి మీద కొట్టాడు. వరప్రసాదం మోకాళ్ల మీద కూలబడ్డాడు. పన్నొకటి గచ్చు మీద పడింది. తెల్లచొక్కా ముందుభాగమంతా నెత్తురు.

తరవాత నూకరాజు గడ్డపారతో పెట్టె మీద పడ్డాడు. ఏడెనిమిది పోట్లకు పెట్టె తుక్కయింది. మిషను ఏ ముక్క ఎక్కడిదో తెలియకుండా పోయింది. పుష్పలత కొంగు సవరించుకుంటూ చూస్తూ ఉండిపోయింది. గడ్డపార అక్కడే పారేసి, కదులుతున్న రాజోలు బస్సు ఎక్కేశాడు నూకరాజు. అక్కణ్ణుంచి అంతర్వేది చేరితే, దాటిపోవడానికి అతనికి పడవ ఉంది.

అరగంటకు హెడ్‌కానిస్టేబులు వచ్చాడు. ఎవరు కొట్టారని అడిగాడు.

వరప్రసాదం తుండుగుడ్డ మూతికి అదుముకున్నాడు. "పదిమంది వచ్చి మీద పడ్డారండి. మొహాలు గుర్తులేవండి. ఈ అమ్మగారి కుట్టుమిషను పొద్దుటిదాకా నిక్షేపంలా ఉందండి. కొట్లాటలో తుక్కు చేసేరండి."

హమాలీలను అడిగితే, బస్తాల కింద తలలు వంచుకుని ఉన్నామని, ఏమీ చూడలేదని చెప్పారు. హెడ్డు అంతా రాసుకుని, నకలొకటి ఇచ్చి వెళ్లిపోయాడు.

వరప్రసాదం బల్ల కింద వెతికి కళ్లజోడు తీసుకున్నాడు. ఒక అద్దం బీటలువారింది. అది పెట్టుకుని, నకలు పుష్పలత చేతికిచ్చాడు.

"దించేటప్పుడు మావాళ్లే జారవిడిచేరని రాస్తే మా అందరి ఉద్యోగాలూ పోయేవండి. ఇప్పుడు కొట్లాటలో పోయిన సరుకు కాబట్టి పది రోజుల్లో ఇన్సూరెన్సు వచ్చేస్తుందండి. అనుకున్నట్టే అంతా అయ్యిందండి." పన్ను ఊడినచోట నాలుకతో తడుముకున్నాడు. "కానండీ, చెంపదెబ్బ, చెయ్యి మెలెయ్యడం, అంతవరకే కదండీ మనం అనుకున్నది. ఆ చెక్కదెబ్బ మన మాటల్లో లేదు కదండీ?"

పుష్పలత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది.

"అది నన్ను పదకొండుసార్లు తిప్పినందుకండీ," అంది.