ఓటమి ఒకటి

క్లబ్బు గోడమీద పెయింటర్ ‘గెలుపులు నలభై, ఓటములు’ దాకా రాసి సున్నా చుట్టబోయాడు.

“ఆగు తమ్ముడూ! అక్కడ ఒకటి వెయ్యి,” అంది పాత బాక్సింగ్ ఛాంపియన్.

సెక్రటరీ కంగారుపడ్డాడు. “అదేంటక్కా? ఆఖరి పోటీలో కూడా జడ్జీలు మిమ్మల్నేగా గెలిపించారు!”

“నా చెయ్యి ఎత్తింది వాళ్లు. దెబ్బలు తిన్నది నేను. ఆ రోజు ఆ కొత్తపిల్ల నన్ను చితక్కొట్టింది.”

“మరి మీ పేరేం కాను? జనం ఏమనుకుంటారు?”

“ఇరవై ఏళ్లుగా ఏమంటున్నారు? సరైన మనిషి ఎదురుపడక గెలిచిందనేగా?”

ఆమె కుంచె లాక్కుంది. నలభై కొట్టేసి ముప్ఫైతొమ్మిది చేసింది. ఓటముల దగ్గర ఒకటి వేసి, పక్కనే ఆ పిల్ల పేరు పెద్దక్షరాలతో రాసింది.

“ఇప్పుడు అనమను, నాకు సరైన మనిషి ఎదురుపడలేదని!”