రోడ్డు దాటే ఆట

"ఆ ఎరుపు... తీసెయ్యాలి."

సాబిరా వెనక్కి తిరిగింది. గది చివర బెంచీ మీద ఎవరో నడివయసు మనిషి. టోపీ మీది మంచు ఇంకా కరగలేదు.

బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకు కంప్యూటర్ ఆటలతో లోకం నేర్పే చిన్న కేంద్రం అది. కిర్గిజ్‌స్తాన్ కొండల్లోని నారిన్‌లో అలాంటిది అదొక్కటే. నడిపేది సాబిరా.

మీరిమ్‌కి ఇరవై ఏళ్ళు, ఆ పిల్లల్లో పెద్దది. ఆమె ఆడే ఆటలో అమ్మాయి రోడ్డు దాటి రొట్టెల కొట్టుకు వెళ్ళాలి. తప్పు నొక్కితే తెరంతా ఎర్రబడి హారన్ మోగుతుంది. పదకొండు రోజులుగా మీరిమ్ అక్కడే చెవులు మూసుకుని కూర్చుంటోంది.

"ఎవరు నువ్వు?" అంది సాబిరా.

అతనికి జవాబు దొరకడానికి చాలాసేపు పట్టింది.

"ఓ... ఓరోజ్."

"ఎందుకొచ్చావ్?"

"చూడ్డానికి."

"సినిమా హాలనుకున్నాడేమో అక్కా!" టీ తెచ్చిన వంటమనిషి బాత్మా కిసుక్కున నవ్వింది.

ఫోన్ మోగితే సాబిరా వరండాలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అతను మీరిమ్ పక్కన ఉన్నాడు.

"తప్పు కాదు. ఆగు. కారు పోనీ. ఇప్పుడు..."

తెర మీద అమ్మాయి రోడ్డు దాటింది. మీరిమ్ పకపకా నవ్వుతూ అతని చెయ్యి పట్టుకుంది.

సాబిరాకు ఆ చెయ్యి ఒక్కటే కనిపించింది.

"లే ముందు! ఆడపిల్ల పక్కన కూర్చోమని నీకెవరు చెప్పారు?"

"నే... నేను..."

"నాలుగు ముక్కలు సరిగా పలకలేవు, నువ్వా మా పిల్లలకు నేర్పేది! నడు బయటికి!"

అతను మీరిమ్ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మీరిమ్ కంప్యూటర్ ముట్టుకోలేదు. ఆ తర్వాతా అంతే. నెల తిరక్కుండానే వాళ్ళమ్మ తీసుకురావడం మానేసింది.

"గోడవైపు తిరిగి పడుకుంటోందమ్మా. ఇంక దాని రాత ఇంతే," అంది.

మార్చిలో సాబిరా, రాజధాని బిష్కెక్‌లో ఆ ఆట తయారుచేసిన కుర్రాళ్ళకు ఫోన్ చేసింది.

"ఆ ఎరుపు తీసెయ్యండి బాబూ. పిల్లలు హడలిపోతున్నారు."

"వద్దని ఓరోజన్న ముందే మొత్తుకున్నాడక్కా. మేమే వినలేదు."

సాబిరాకు ఆ టోపీ మనిషి గుర్తొచ్చాడు. "ఫోన్ ఆయనకోసారి ఇస్తావా?"

"లేడక్కా. నిమ్ము చేసి ఫిబ్రవరిలో పోయాడు."



"ఆయన... ఇంజినీరా?"

"సంతకం కూడా రాదక్కా. మేం చేసిన ప్రతి ఆటా ముందు ఆయనే ఆడేవాడు. ఎక్కడ భయమేస్తే అక్కడ వేలు పెట్టి చూపించేవాడు. జనవరిలో మాక్కూడా చెప్పకుండా మీ ఊరొచ్చాడు. అక్కడేం జరిగిందో గానీ, తిరిగొచ్చాక ఇంక ఏ ఆటా ముట్టలేదు."

"చదువు రానివాడికి ఇవన్నీ ఎలా తెలుసు?"



"ఆయనా మీ పిల్లల్లాంటివాడేనక్కా... నలభై రెండేళ్ళకి మొదటిసారి ఒక్కడే రోడ్డు దాటి, ఒక్కడే బస్సెక్కి మీ దగ్గరికొచ్చాడు."