టోనరు డబ్బా తగువు

"ఒలమ్మో! ఈ పిల్లకి మీసాలేటి?"

నరసన్నపేటలో గణపతిరావుది జిరాక్సు కొట్టు. డిగ్రీ పిల్లలు పరీక్షల హాల్‌టికెట్లు అక్కడే ప్రింటు తీయించుకుంటారు. ఆ పొద్దు తీసిన ప్రతి కాగితం మీదా నల్లటి మరకలే. ఫొటోల్లో ఆడపిల్లలకి మీసాలొచ్చీసినాయి. మగపిల్లలకి మొకాలే పోయినాయి.

ప్రింటరు తెరిసి సూస్తే టోనరు డబ్బా కారిపోయి ఉన్నాది. నల్లపొడి మిషనంతా రాలిపోయింది. మొన్ననే ఏసిన కొత్త డబ్బా అది.

పరీక్షలు ఎల్లుండి. రేపటికి మంచి ప్రింటు రాకపోతే పిల్లలంతా ఎదర కొట్టుకి ఎల్లిపోతారు. అలాగ ఎల్లినోళ్ళు మరి తిరిగొస్తారేటి?

గణపతిరావు పెళ్ళాం లక్ష్మీనరసమ్మ. ఆవిడ కేకేస్తే ఎక్స్‌ప్రెస్ బస్సు కూడా ఆగిపోతాది.

"ఏటి మావా, శ్రీకాకుళంలో ధనరాజు కొట్టుకెల్లి అసలు సరుకు తెమ్మని పంపితే, ఆడు నీకు దొంగసరుకు అంటగట్టీసినాడా?"

గణపతిరావు బుర్ర గోక్కున్నాడు. "పోనీయే. మన కరమ. ఇంకోటి కొనీసుకుందాం."

"కరమేటి, కరమ! నడు ముందు!"

డబ్బాని దాని అట్టపెట్టిలో పెట్టి సంచిలో ఏసుకుంది. మొగుణ్ణి బస్సెక్కించింది.

ధనరాజు కొట్లో ప్రింటరు సామాన్లు, కెమేరా బేటరీలు, మెమరీ కార్డులు అన్నీ దొరుకుతాయి. గోడ మీద 'నకిలీలతో జాగర్త' అని పెద్ద బోర్డు. మధ్యాన్నం వేళ, జనం బాగానే ఉన్నారు. లక్ష్మీనరసమ్మ సంచి తెరవనేదు. అమాయకంగా మొకం పెట్టింది.

"తమ్ముడూ, అసలుదేదో దొంగదేదో ఎలాగ పోల్చుకోవాల? మాకేటి తెలుస్తాది, సదువురానోళ్ళం."

అడగడమే తరువాయి. ధనరాజు మేస్టారైపోయినాడు. కొత్త డబ్బా ఒకటి తీసినాడు.

"సూడక్కా. ఈ మెరిసే స్టిక్కరుంది కదా, ఇటు తిప్పితే ఒక రంగు, అటు తిప్పితే ఇంకో రంగు. దొంగదైతే ఎటు తిప్పినా ఒకటే మెరుపు, సాక్లెట్టు కాయితం లాగ. అచ్చు సూడు, ఎంత తేటగున్నాదో. అలుక్కుపోయినట్టుంటే ముట్టుకోకు. అట్టపెట్టి మీద నంబరూ, లోపల డబ్బా నంబరూ కలవాల. బేటరీకైనా, మెమరీ కార్డుకైనా ఇదే కత."

"బలే సెప్పినావు తమ్ముడూ." సంచిలోంచి పెట్టి తీసింది. "మరి దీన్ని కూడా ఓపాలి సూడు."

ధనరాజు తిప్పినాడు. సాక్లెట్టు కాయితమే. అచ్చు అలుక్కుపోయి ఉన్నాది. పెట్టి నంబరుకీ డబ్బా నంబరుకీ సుట్టరికమే నేదు. అందరికీ కనబడీలాగ పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇది పక్కా డూప్లికేటక్కా! ఏ దొంగెదవ అమ్మినాడు నీకు?"

"నువ్వే!"

కెమేరా బేటరీకి బేరమాడతన్న ఒకాయన దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టీసినాడు.

"నానా? ఈయన్ని నాను జన్మలో సూడనేదక్కా!"

"అమ్మినాక ఎవులైనా అదే అంటారు. మా మావ మొకం సూడు. ఇది అబద్దమాడే మొకమేనా?"

అందరూ గణపతిరావు మొకం సూసినారు. సెమటలు కారిపోతన్నాయి. సూపు నేల మీద ఉన్నాది. "పాపం, మంచోడు" అన్నాదొక ముసలమ్మ.

ధనరాజుకి ఒక ఆశ మిగిలింది. "అయితే బిల్లు సూపించక్కా!"

"బిల్లా? బిల్లడిగితే 'టేక్సు పడతాదక్కా, ఎందుకొచ్చిన బిల్లు' అంటావట కదా. ఇక్కడ ఎవులికైనా ఈడు బిల్లిచ్చినాడా? ఇస్తే సెయ్యెత్తండి!"

ఒక్క సెయ్యీ లేవనేదు. ధనరాజు పైన ఫేను కేసి సూసినాడు. ఫేనేటి సెప్తాది?

గణపతిరావు పెళ్ళాం కొంగు పట్టుకు లాగినాడు. "ఒసే నరసమ్మా, పోదాం రావే. మనకెందుకీ గొడవ?"

"నువ్వుండు మావా. నీ మెత్తదనం సూసే కదా లోకం మోసం సేస్తన్నాది!"

బేటరీ ఆయన గుమ్మం దాటబోతన్నాడు. అది సూసి ధనరాజు సేతులు జోడించీసినాడు. "నీకు దండమెడతాను తల్లీ. అరవకు. ఇంద, ఈ అసలు డబ్బా పట్టుకెల్లు, డబ్బులొద్దు."

ఆవిడ ఊరికే పట్టుకుంటాదేటి? తిప్పి సూసింది. రంగులు మారినాయి. నంబర్లు కలిసినాయి. "ఇప్పుడు బిల్లు రాయి" అన్నాది. రాసినాడు.

తిరుగు బస్సులో లక్ష్మీనరసమ్మ ఆ డబ్బాని సంటిపిల్లలాగ ఒళ్ళో పెట్టుకుంది. "రేపు పిల్లల మొకాలు పిల్లల మొకాల్లాగే వస్తాయి. సూసినావా మావా? మనిసన్నాక కొంచెం గట్టిగుండాల. నువ్వేటి, నోరిప్పనేదు?"

"నానేటి మాటాడేది? అంతా నువ్వే మాటాడీసినావు కదే" అని గణపతిరావు కిటికీ కేసి తిరిగిపోయినాడు.

నిజం సెప్పాలంటే, ధనరాజు కొట్టు గుమ్మం గణపతిరావు తొక్కడం ఆ పొద్దే మొదటిసారి.