బొమ్మ గడి

“బొమ్మ ఏదీ?” అని ఫిర్యాదుల కౌంటరులో ఆవిడ మళ్లీ అడిగింది.

కౌంటరు అవతల పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఇంటర్నెట్ పేజీ చిరునామా రాశానమ్మా. చాలదా?”

“అసభ్యమని ఎర్ర లేబుల్ పడితే ఆ పేజీ ఇంకెక్కడా తెరుచుకోదు. ఊరికే వేసేస్తామా? అందులోని బొమ్మ జత చేయాలి.”

“దాన్ని ఎంతమంది చూస్తారు?”

“ఈ గదిలో నలుగురం.”

ఆయన నాలుగు బల్లల వంకా చూశాడు.

“అయితే వద్దులెండి.”

ఫారంలో బొమ్మ గడి ఖాళీగా ఉంటే కింద రాసింది చదవనక్కర్లేదన్నది ఆఫీసు పద్ధతి. ఆవిడ ‘అసంపూర్తి’ అని ముద్ర కొట్టి కాగితం వెనక్కి నెట్టింది. ఇది ఆరోసారి.

“ఇలాంటి పేజీలు ఇంత ఓపిగ్గా వెతుకుతున్నాడంటే పెద్దాయనకి మంచి కాలక్షేపమేలే అక్కా,” అంది పక్క సీటమ్మాయి, ఆయనకి వినబడేలా.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆవిడకి నవ్వు రాలేదు. మనసంతా ఇంటి దగ్గరే ఉంది. వారమైంది, కూతురు తన ఆఫీసు బస్సు ఎక్కడం లేదు. గది గడియ తీయదు. తలుపు దగ్గర పెట్టిన కంచం పెట్టినట్టే ఉంటుంది. లోపల ఫోను మోగితే వెంటనే కట్టేస్తుంది.

“ఏమైందే?” అంటే, “తలనొప్పమ్మా, నువ్వెళ్లు,” అంటుంది.

మర్నాడు వరుసలో మళ్లీ ఆ టోపీ కనబడగానే ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. గార్డుని పిలిచింది.

“ఆయన్ని పంపించెయ్. ఇంకెప్పుడూ లోపలికి రానివ్వకు.”

కాసేపటికి గార్డు ఒక కాగితం పట్టుకొచ్చాడు.

“వెళ్లిపోయాడు మేడం. ఇక రానన్నాడు. ఇదొక్కటీ ఇమ్మని బతిమాలితే తెచ్చాను.”

ముద్ర ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది.

గడి ఖాళీగా లేదు. రోజూ కింద రాసే మాటల్నే ఈసారి బొమ్మ గడిలో కుక్కి రాశాడు.

‘ఆ పేజీలో ఒకమ్మాయి ముఖాన్ని ఎవరి ఒంటికో అతికించారు. అందరూ దిగిపోయినా సీట్లోనే కూర్చుని ఏడ్చింది. వాళ్లమ్మకి చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. ఆ తల్లి ఈ ఆఫీసులోనే పనిచేస్తుందట. మీలో ఎవరో నాకు తెలియదు. అందుకే బొమ్మ ఇవ్వలేను. ఆవిడ కంట పడకముందే మూసేయండి.’

సంతకం కింద ఆయన తానెవరో కూడా రాసుకున్నాడు: ‘ఆ అమ్మాయి వారం నుంచి ఎక్కని ఆఫీసు బస్సు డ్రైవరుని.’