పని మాట ఎవరెత్తాలి?

పక్కింట్లో చేప ఉండలు అమ్మే జువో వదిన చెప్పిందంటూ వెంగ్ భార్య ఆ కబురు ఇంటికి మోసుకొచ్చింది. గవర్నరు కచేరీ ఎదుటి టీ దుకాణంలో రోజూ కిటికీ పక్కన కూర్చునే ఛ్యూ అనే పెద్దమనిషి మామూలువాడు కాదట. గవర్నరుగారి చెవిలో ఏ మాటైనా వేయగలడట. కాపలావాళ్లు కూడా ఆయన్ని చూసి లేచి నుంచుంటారట.

వెంగ్‌కి ప్రాణం లేచొచ్చింది. అతను ఒక విదేశీ తంతి కంపెనీకి దుబాసీ. సముద్రంలో వేసిన తంతి తీగను రేవు నుంచి ఫూజౌ నగరంలోకి స్తంభాల మీద తెచ్చుకోవాలంటే గవర్నరు అనుమతి కావాలి. అందుకోసమే ఇంకో కంపెనీ కూడా ఎవరినో దింపిందని వినికిడి. చంద్రుడి పండుగలోగా అనుమతి తేకపోతే వేరే కొలువు చూసుకోమని దొర తేల్చి చెప్పేశాడు.

మర్నాడే వెంగ్ టీ దుకాణానికి వెళ్లి, నడుము వంచి దణ్ణం పెట్టి, ఛ్యూని ఊళ్లో పెద్ద హోటల్లో భోజనానికి పిలిచాడు.

“పెద్ద కుర్చీలో మీరు కూర్చోవాలి.”

“అబ్బే, మీరుండగా నేనా?”

“నన్ను చంపినా అందులో కూర్చోను.”

“నన్ను చంపి కూర్చోబెట్టినా జారిపోతాను.”

చివరికి ఇద్దరూ చెరో పక్క సర్దుకున్నారు. పెద్ద కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. మల్లెల టీ గురించి, కొత్త నాటకం గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. తీరా వెంగ్ డబ్బివ్వబోతే ఛ్యూ ముందే ఇచ్చేశాడని తెలిసింది.

వెంగ్ ఎండబెట్టిన లాంగాన్ పళ్లు బుట్టెడు పంపాడు. సాయంత్రానికల్లా ఛ్యూ ఇంటి నుంచి జత బాతులు దిగాయి.

“పుచ్చుకోవలసినవాడే పంపుతున్నాడంటే మీ పని అయిపోయినట్టే,” అంది భార్య బాతుల్ని తడిమి చూస్తూ. “బాగా బలిసినవే పంపాడు, పాపం.”

దొర మాత్రం ప్రాణం తోడేస్తున్నాడు.

“అడిగావా?”

“పని మాట ముందెత్తినవాడు మా దగ్గర చులకనైపోతాడు దొరా. ఆయనే ఎత్తాలి.”

“ఎప్పుడెత్తుతాడు?”

“బాతులు పంపాడుగా. ఇక ఎంతో దూరం లేదు.”

ఛ్యూ ఎత్తలేదు. విందు మీద విందు నడిచింది. ఇద్దరూ నడికట్లు వదులు చేసుకున్నారు. పొట్టలు పెరిగాయి, స్నేహం పెరిగింది, తంతి మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

పండుగ రేపనగా, ఎర్రసారా కోడికూర ముందు వెంగ్ తెగించాడు. మర్యాద గట్టున పెట్టి ఛ్యూ చేతులు పట్టుకున్నాడు.

“అయ్యా, నా కొలువు పోయేలా ఉంది. సిగ్గు విడిచి అడుగుతున్నాను. గవర్నరుగారితో చెప్పి మా కంపెనీకి తంతి అనుమతి ఎప్పుడిప్పిస్తారు?”

ఛ్యూ నమలడం ఆపేశాడు. నోట్లో ముక్క ఎలాగో మింగాడు.

“మా కంపెనీకి మీరిప్పిస్తారనే కదయ్యా ఇంతకాలం మిమ్మల్ని మేపింది.”