పూల్‌లో పసుపు వినాయకుడు

"అత్తయ్యగారూ, వినాయకుణ్ణి ఎందులో కలిపారు?"

అడగడమే గానీ, అనంత్‌కి జవాబు ఎదురుగానే కనిపిస్తోంది. పెరట్లో స్విమ్మింగ్ పూల్ నిండా పప్పుకట్టు పోసినట్టు పచ్చగా ఉంది. నిన్న పొద్దున అడుగు దాకా కనిపించిన నీళ్ళవి.

"పూల్‌లోనే బాబూ," అంది సీతాదేవి, కాఫీ అందిస్తూ. "ఇన్ని నీళ్ళు పెట్టుకుని స్వామిని బకెట్లో ముంచితే ఏం బాగుంటుంది? వీధిలో మనవాళ్ళంతా కూడా తెచ్చి ఇందులోనే కలిపారు. మట్టి దొరక్క అందరం పసుపుతోనే చేశాం."

"అందరూనా!"

"మీరు ఆఫీసు నుంచి వచ్చేలోపు అయిపోవాలని గబగబా కానిచ్చాం."

అత్తగారు కాబట్టి సరిపోయింది. కన్నతల్లయితే ఈపాటికి కనాటా ఊరంతా వినబడేలా అరిచేవాడు. కాఫీ తాగకుండానే గట్టు మీద పెట్టేసి, పూల్ చుట్టూ గిరగిరా తిరిగాడు.

ఇంకో గంటలో ఇల్లు చూడ్డానికి మనుషులొస్తున్నారు. భార్య మృదుల కొత్త ఉద్యోగంలో చేరి, పాపతో దూరంగా కేంబ్రిడ్జ్‌లో ఉంటోంది. ఈ ఇల్లు అమ్ముడైతే గానీ అనంత్ అక్కడికి మారలేడు. వేసవంతా చూసిపోయినవాళ్ళే తప్ప కొంటామన్నవాళ్ళు లేరు. రాత్రి ఫోన్లో పాప "డాడీ, వెన్ ఆర్ యూ కమింగ్?" అంటే, నెట్‌వర్క్ బాగాలేదని పెట్టేశాడు. పూల్ తళతళలాడితేనే ఇల్లు అమ్ముడుపోతుందని రియల్టర్ దీక్షిత్ రోజూ పోరు పెడుతున్నాడు.

పరీక్ష కాగితం నీళ్ళలో ముంచి తీశాడు. పులుపు బాగా పెరిగిందని చూపించింది.

"పంచామృతం కూడా పోశారా?"

"కాస్తే బాబూ. శాస్త్రానికి."

పులుపు విరగాలంటే సోడా యాష్ వేయాలి. షెడ్డులోంచి డబ్బా తెచ్చి కొలతా గిలతా లేకుండా ఒంపేశాడు. పంపు జోరు పెంచాడు. ఫిల్టర్ మూలిగింది. మెట్ల దగ్గర నీళ్ళు మెల్లగా రంగు మారడం చూసి, తేటపడుతున్నాయని సంబరపడ్డాడు. వంగి చూశాడు. ఎర్రగా అవుతున్నాయి.

పసుపులో సున్నం పడితే ఏమవుతుందో తెలుగువాళ్ళందరికీ తెలుసు. అనంత్‌కీ తెలుసు, పెళ్ళిలో తనకీ మృదులకీ దిష్టి తీసింది ఆ నీళ్ళతోనే. సోడా యాష్ కూడా సున్నం చేసే పనే చేస్తుందని మాత్రం ఆ కంగారులో తట్టలేదు. చూస్తుండగానే పూల్ సగం హారతి పళ్ళెమైంది.

అంతలో కాలింగ్ బెల్ మోగింది. చెప్పిన టైముకంటే ముందే వచ్చేశారు.

అనంత్ పూల్ మీద కప్పే నీలం రంగు కవర్ పట్టుకుని లాగాడు. అది సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ఇంకోవైపు నుంచి లాగుదామని పరిగెత్తి, గట్టు మీది కాఫీ తన్నేశాడు. తల ఎత్తేసరికి పెరటి తలుపులో దీక్షిత్, అతని వెనక ఇల్లు చూడవచ్చిన వెంకటేశ్వర రావు, రత్నకుమారి దంపతులు నిలబడి ఉన్నారు.

దీక్షిత్ నీళ్ళు చూసి తెల్లబోయాడు. దగ్గరికొచ్చి, "ఫిల్టర్ రిపేర్‌లో ఉందని చెప్పండి, మిగతాది నేను చూసుకుంటా," అని గొణిగాడు.

"అదేం కాదండీ," అంటూ సీతాదేవి ముందుకొచ్చింది. "మా అల్లుడుగారు పూల్‌ని పసిపిల్లలా చూసుకుంటారు. తప్పంతా నాది. నిన్న ఇందులో వినాయకుణ్ణి నిమజ్జనం చేశాను." ఆవిడ రత్నకుమారి చెయ్యి పట్టుకుంది. "దీన్ని చూసి ఇల్లు వద్దనకండమ్మా. ఇది అమ్ముడైతేనే మా పిల్లలు ఒకచోట ఉంటారు."

అప్పటిదాకా అత్తగారి మీదున్న కోపమంతా అనంత్‌కి ఎటుపోయిందో తెలియలేదు. ఆవిడ పక్కన వెళ్ళి నిలబడ్డాడు.

రత్నకుమారి పూల్ పొడుగునా అడుగులు వేసుకుంటూ వెళ్ళి, వెడల్పు కూడా అలాగే నడిచి చూసింది. లోపాలు వెతుకుతోందనుకున్నాడు అనంత్.

"ఎండ బాగా వస్తుందా ఇక్కడ?" అని అడిగింది.

"రోజంతా ఆంటీ! నీళ్ళు భలే వెచ్చగా ఉంటాయి."

"లోతెంత?" అన్నాడు వెంకటేశ్వర రావు.

"ఆ చివర మనిషి మునిగేంత అంకుల్. ఈ రంగు వారంలో పోతుంది. మొత్తం నీళ్ళు తోడించి, కొత్తగా నింపించి, అన్నీ పరీక్ష చేయించి ఇస్తాను. పంపు కొత్తది. హీటర్ కూడా..."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. దీక్షిత్ ఆశ వదులుకుని ఫోన్ తీశాడు.

వెంకటేశ్వర రావు అనంత్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీళ్ళ సంగతి వదిలెయ్ బాబూ, ఇల్లు మేం తీసుకుంటాం గానీ... ఈ గొయ్యి పూడ్చి గోంగూర వేయాలంటే ఎన్ని లారీల మట్టి పడుతుందో చెప్పు!"