చెట్లకు కట్టిన గుడ్డలు

"అవి తీయబాకండమ్మా!"

మడచెట్ల మధ్య నుంచి ఒక ముసలాయన బురదలో కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాడు. చినిగిన బనియను, తలకు తువ్వాలు, చేతిలో పీతల బుట్ట.

వినీల అప్పుడే ఒక కొమ్మకున్న గుడ్డపేలిక విప్పి సంచిలో వేస్తోంది. ఆమె నెల్లూరులో జీవశాస్త్రం చెప్పే లెక్చరర్. ఆదివారమొస్తే ఏడెనిమిది మందిని వెంటేసుకుని ఏ అడవికో చెరువుకో పోయి, చెత్త ఏరి, ఫోటోలు దిగి వస్తే గాని ఆమెకు వారం ముగిసినట్టుండదు. ఈసారి ముత్తుకూరు దాటి, ఉప్పు మళ్ళూ రొయ్యల గుంటలూ చూసుకుంటూ, సముద్రపు పాయ ఒడ్డునున్న ఈ మడ అడవికి వచ్చారు.

వచ్చి చూస్తే ఏముంది, పదడుగులకొక చెట్టుకు పాత గుడ్డ!

"ఇవన్నీ నువ్వు కట్టినవేనా తాతా?"

"అవునమ్మా, నేనే కట్టినా."

"ముడుపులు కట్టడానికి అడవే దొరికిందా?"

"ముడుపులు గాదు తల్లీ. మేం చర్చికి పోయేవోళ్ళం. ఇవి దేనికంటే..."

"ఏ దేవుడికైనా ఒకటే. చెట్ల మెడకు ఉరి బిగించమని ఏ దేవుడూ చెప్పడు. పక్కకు జరుగు."

చదువుకున్నవాళ్ళతో వచ్చిన చిక్కే అది. ఎదుటివాడి మాట సగంలో ఉండగానే వాళ్ళకు మొత్తం అర్థమైపోతుంది.

ముసలాయన పక్కకు జరిగాడు. వినీల ఆయన ఫోటో తీసి, 'అడవికి శత్రువులు ఇలా ఉంటారు' అని రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

"సముద్రం పోటు ఎక్కే యాళకు మాత్రం లోపల ఉండబాకండమ్మా" అనేసి ఆయన వెళ్ళిపోయాడు.

సంచి నిండింది. ఒడ్డుకు వచ్చి ఉప్మా పొట్లాలు విప్పారో లేదో, దోమలు ముసిరాయి.

"ఈ గుడ్డలు తగలబెడితే పోతాయి మేడమ్" అన్నాడు తోటి లెక్చరర్ సుకుమార్.

సంచి బోర్లించారు. పచ్చవి, నీలివి, పూలవి. ఒకటి మాత్రం తెల్లటి పట్టు, జరీ అంచు. వినీల దాన్ని ఒక్క క్షణం వేళ్ళతో తడిమింది. "ఇంత మంచి గుడ్డ కూడా చెట్టుపాలేనా!" అని మంటలో వేసింది. పొగకు దోమలు పారిపోయాయి. అందరూ హాయిగా ఉప్మా తిన్నారు.

తిన్నాక, కొంగల ఫోటోల కోసం మళ్ళీ లోపలికి పోయారు.

గంట తర్వాత వెనక్కి తిరిగితే దారి లేదు. ఎటు చూసినా అవే చెట్లు, అవే వేళ్ళు. చీలమండల దాకా ఉన్న నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అంత లోపల ఫోన్లలో సిగ్నల్ కూడా లేదు.

"ఎటు పోవాలి మేడమ్?"

వినీల చుట్టూ ఉన్న కొమ్మల వంక చూసింది. పొద్దున లోపలికి ఎలా వచ్చారు? దారి చూసుకుని రాలేదు. ఒక గుడ్డ తర్వాత ఒక గుడ్డ ఏరుకుంటూ వచ్చారు. ఆ గుడ్డలే దారి. దాన్ని ఆమె తన చేతులతోనే విప్పేసింది.

నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఎవరో ఏడవడం మొదలుపెట్టారు.

"ఓ అమ్మా! యాడుండారు?"

ముసలాయన గొంతు! అందరూ ఒక్కసారిగా కేకలు వేశారు.

ఆయన నీళ్ళు తోసుకుంటూ వచ్చాడు. వినీల చెయ్యి పట్టుకుని ముందు నడిచాడు. మలుపు వచ్చిన ప్రతిచోటా ఆగి, తన తలగుడ్డ చింపి ఒక పేలిక కొమ్మకు కట్టాడు.

"ఇప్పుడెందుకు తాతా, నీళ్ళు పెరుగుతున్నాయి!"

"రేపు పొద్దన్నే పీతలకు ఆడోళ్ళొస్తారు గదమ్మా."



ఒడ్డెక్కాక ఆయన ఒక్కటే అడిగాడు.

"ఆ సంచి యాడ పెట్టినారు తల్లీ?"

ఆయన చూపు బూడిద మీద పడింది. వంగి, దాన్ని వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూశాడు. లేచి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"పోనీలేమ్మా. మీరు బయటపడినారు, అది చాలు."

పీతల బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వినీల ఫోన్ తీసి గ్రూపులో ఫోటో చెరిపేసింది. అప్పటికే నలభై మంది ఆయన్ను తిట్టి ఉన్నారు.

రోడ్డు మీద మస్తాన్ టీ కొట్టు. వినీల గ్లాసు పట్టుకుని మెల్లగా అడిగింది.

"అడవిలో చెట్లకు గుడ్డలు కడతారే, ఆ పెద్దాయన..."

"మన హెబ్రోన్ అన్ననా? ఏమమ్మా?"

"ఆయనకు కొత్త గుడ్డలు కొనిద్దామని. అక్కడున్నవి... బాగా పాతబడిపోయాయి."



"పాతవేనమ్మా" అన్నాడు మస్తాన్, టీ వడపోస్తూ. "వాళ్ళావిడ అబిగయీలక్కవి. నాలుగేండ్ల కింద పీతలకు పోయి, దారి దొరక్క ఆ అడవిలోనే పోటుకు పోయింది. ఇంకెవురూ అట్ట పోగూడదని, ఇంట్లో ఉండే ఆమె చీరలు ఒక్కోటే చింపి కట్టుకుంటా వచ్చినాడు."

వినీల గ్లాసు బల్ల మీద పెట్టేసింది. చున్నీలో పొగ వాసన ఇంకా పోలేదు.

"తెల్లది ఒకటుంటాది, జరీ అంచుది, చూసినారా? అది ఆమె పెళ్ళి చీరమ్మా. దాచుకున్న ఆ ఒక్కదాన్నీ పోయిన నెల చివరి మలుపుకు చింపి కట్టేసినాడు."